మన టీమే... మన మాటేదీ?

కట్టిన డబ్బుకు అభిమానికి దక్కేది సీటా, వరుసలో చోటా, ఓటా? మెల్బోర్న్ నుంచి ఉప్పల్ దాకా ఓ ఆరా

1996 సెప్టెంబర్ 16, సోమవారం రాత్రి. ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరం. క్యాంబర్‌వెల్ సివిక్ సెంటర్‌లో కాలు పెట్టే సందు లేదు. వేదిక మీద హాథార్న్ ఫుట్‌బాల్ క్లబ్ మాజీ కెప్టెన్ డాన్ స్కాట్ ఒక జెర్సీని పైకెత్తి పట్టుకున్నాడు. అది ఇంకా పుట్టని జట్టుది. అప్పుల్లో ఉన్న హాథార్న్‌ను పక్కనే ఉన్న పాత క్లబ్ మెల్బోర్న్‌తో కలిపేసి ‘మెల్బోర్న్ హాక్స్’ అని పేరు పెడదామని రెండు క్లబ్బుల పెద్దలూ మాట్లాడేసుకున్నారు. ఒక్కటైతే అరవై లక్షల డాలర్లు ఇస్తామని లీగ్ ఆశ చూపింది. ఇక సభ్యుల సంతకాలే తరువాయి.

స్కాట్ ఆ జెర్సీ మీద ఉన్న డేగ బొమ్మ అంచు పట్టుకుని లాగాడు. వెల్క్రోతో అతికించిన బొమ్మ చర్రుమని ఊడొచ్చింది. ఆ తర్వాత బంగారు రంగు పట్టీ. రెండూ పోయాక చేతిలో మిగిలింది మెల్బోర్న్ జట్టు జెర్సీ, అచ్చంగా. ఇందులో మనమెక్కడున్నాం అని మళ్లీ నోటితో అడగాల్సిన పనిలేకపోయింది.

అదే రాత్రి ఇంకో హాల్లో కూర్చున్న మెల్బోర్న్ సభ్యులు స్వల్ప తేడాతో విలీనానికి సరేనన్నారు. హాథార్న్‌లో లెక్క తిరగబడింది. కావాలన్నవాళ్లు 2,841 మంది, వద్దన్నవాళ్లు 5,241 మంది. లీగ్ చూపిన అరవై లక్షలూ అక్కడే ఆగిపోయాయి. మూతపడుతుందనుకున్న హాథార్న్ ఆ తర్వాత 2008లో, మళ్లీ 2013, 2014, 2015లలో వరసగా ఛాంపియన్ అయింది. ‘సరే’ అన్న మెల్బోర్న్ కూడా బతికి బట్టకట్టి, 57 ఏళ్ల తర్వాత 2021లో కప్పు గెలిచింది.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. 2009లో ఐపీఎల్ కప్పు గెలిచిన జట్టు డెక్కన్ ఛార్జర్స్. కెప్టెన్ ఆడం గిల్‌క్రిస్ట్. అంతకుముందు ఏడాది అట్టడుగున నిలిచిన జట్టది. మూడేళ్లు తిరిగాయి. యజమాని కంపెనీ అప్పుల్లో మునిగింది. 2012 సెప్టెంబర్‌లో బీసీసీఐ ఫ్రాంచైజీని రద్దు చేసింది. అక్టోబర్‌లో సన్ టీవీ నెట్‌వర్క్ ఏడాదికి రూ.85.05 కోట్లకు హైదరాబాద్ జట్టును దక్కించుకుంది. పేరు సన్‌రైజర్స్ హైదరాబాద్‌గా మారింది, రంగు మారింది. పాత యజమానికీ బోర్డుకూ మధ్య మధ్యవర్తిత్వం, కోర్టు వ్యవహారం ఏళ్లపాటు నడిచాయి. 2020లో మధ్యవర్తి బోర్డును రూ.4,800 కోట్లు కట్టమన్నాడు, 2021లో బాంబే హైకోర్టు దాన్ని కొట్టేసింది. అంత వ్యవహారంలోనూ అభిమాని కక్షిదారు కాడు. సాక్షి కూడా కాడు.

ఒకసారి జరిగితే ఖర్మ అనుకోవచ్చు. హైదరాబాద్ ఎఫ్‌సీ సంగతి చూడండి. పుణె సిటీ క్లబ్ మూతపడితే ఆ స్థానంలో 2019లో హైదరాబాద్‌కు వచ్చిన ఫుట్‌బాల్ జట్టది. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. తర్వాత జీతాల గొడవలు, యజమాని మారడం. 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. పుణె నుంచి మనకొచ్చింది, మన నుంచి ఢిల్లీకి పోయింది. పుణె అభిమానిని ఎవరూ అడగలేదు, మననూ అడగలేదు.

క్రీడాభిమాని కట్టే ధర న్యాయమా, అన్యాయమా అని మాట్లాడేటప్పుడు మనం టికెట్ మీద అచ్చయిన అంకెనే చూస్తాం. ఎక్కువైంది, తగ్గించాలి అంటాం. ఆ అంకె ముఖ్యమే, దాని సంగతీ చూద్దాం. కానీ డబ్బు తీసుకుని క్లబ్ మనకు అమ్మేవి మూడు రకాలు. ఒకటి సీటు. రెండు, సీటు కోసం కట్టే వరుసలో ముందు చోటు. మూడు, క్లబ్ నడిచే తీరులో మాట. పాల సొసైటీలో సభ్యుడైన రైతుకూ, పొద్దున్నే అదే పాల ప్యాకెట్ కొనుక్కునే మనకూ ఉన్న తేడా ఏమిటో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ధర పెరిగితే ఒకరు మీటింగులో లేచి అడుగుతారు, ఇంకొకరు చిల్లర వెతుక్కుంటారు.

కుక్కకూ ఉంది కార్డు

మెంబర్‌షిప్ అనే మాటకు పూర్తి అర్థం చూడాలంటే ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగే సరైన చోటు. కోలగా ఉండే బంతితో, క్రికెట్ మైదానాల్లో, జట్టుకు పద్దెనిమిది మంది ఆడే ఆట. అక్కడివాళ్లు ముద్దుగా ‘ఫుటీ’ అంటారు. పద్దెనిమిది క్లబ్బులు. అన్ని క్లబ్బుల సభ్యుల్నీ కలిపితే పదమూడు లక్షలు దాటారు. దేశ జనాభా రెండు కోట్ల డెబ్బై లక్షలు. అంటే చంటిపిల్లల్ని కూడా కలుపుకుని సుమారు ఇరవై మందిలో ఒకరి దగ్గర ఏదో ఒక క్లబ్ కార్డు ఉంది. మెల్బోర్న్‌లో బడిలో చేరిన పిల్లాణ్ణి పక్క బెంచీవాడు మొదట అడిగేది ‘నీది ఏ టీమ్?’ అనే. టార్నిట్, పాయింట్ కుక్ శివార్ల వైపు స్థిరపడిన మనవాళ్ల ఇళ్లలో తండ్రి రాత్రంతా మేల్కొని ఐపీఎల్ చూస్తుంటే, కొడుకు శనివారం పొద్దున ఫుటీ బంతి పట్టుకుని బయల్దేరడం ఇప్పుడు మామూలు సంగతి.

కార్డుల్లో ఎన్నో రకాలు. సొంతగడ్డ మీద జరిగే పదకొండు మ్యాచ్‌లూ చూసేందుకు ఒకటి, మూడు మ్యాచ్‌లకు ఒకటి, రిజర్వు సీటుది ఒకటి, ఊరికి దూరంగా ఉండి స్టేడియానికి రాలేనివాళ్లకు ఇంకొకటి. పసిపిల్లలకు ఉంది. కుక్కలకూ పిల్లులకూ కూడా ఉంది, నిజంగానే. వాటికి ఓటు లేదు, అంతే తేడా.

ధర విషయానికొస్తే, రిజర్వు సీటు లేకుండా సీజన్ మొత్తానికి పెద్దవాళ్ల కార్డు మామూలుగా రెండు మూడు వందల డాలర్ల మధ్య ఉంటుంది. మ్యాచ్‌కు పాతిక డాలర్ల లోపో అటూఇటూగానో పడుతుంది. ఆ దేశంలో 2025 జులై నుంచి కనీస వేతనం గంటకు 24.95 డాలర్లు. అంటే అట్టడుగు జీతం తీసుకునే మనిషి ఒక గంట పని చేస్తే ఒక మ్యాచ్ చూడొచ్చు. మన లెక్క కూడా వేద్దాం. ఈమధ్య సీజన్లలో హైదరాబాద్‌లోని ఉప్పల్ స్టేడియంలో అతి చవక ఐపీఎల్ టికెట్ రూ.750 దగ్గర మొదలైంది. 2025-26లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ కూలి రోజుకు రూ.307. రెండున్నర రోజుల కూలి! గంటకూ రెండున్నర రోజులకూ మధ్య ఉన్న దూరం ఇది. పల్లె కూలీ ఐపీఎల్‌కు ఎందుకొస్తాడు అని ఎవరైనా అంటే, ఆ ప్రశ్నలోనే జవాబుంది.

అయితే ఫుటీ కార్డు లాభసాటి బేరమని చెప్పలేం. గేటు దగ్గర విడిగా టికెట్ కొనుక్కుంటే అయ్యే దానికీ దీనికీ పెద్ద తేడా లేదు. పదకొండులో మూడు నాలుగు మ్యాచ్‌లకు పోకపోతే సభ్యుడికే నష్టం. వాన, జలుబు, పిల్లల పుట్టినరోజు, ఏదో ఒకటి అడ్డొస్తూనే ఉంటుంది. అయినా ఏటా కడతారు. 2020లో కరోనా వచ్చి మెల్బోర్న్ స్టేడియాలకు తాళాలు పడ్డాయి. ఆట క్వీన్స్‌లాండ్‌కు తరలింది, చివరికి ఫైనల్ కూడా బ్రిస్బేన్‌లోనే ఆడారు. డబ్బు వెనక్కి అడిగే వీలున్నా చాలామంది అడగలేదు. మెల్బోర్న్‌వాళ్లకు ఒక్క మ్యాచ్ కూడా స్టేడియంలో చూసే వీల్లేని ఆ ఏడాది లీగ్ మొత్తం సభ్యుల సంఖ్య పది లక్షల దగ్గరే నిలిచింది. దాన్ని ప్రేమ అనేవాళ్లున్నారు, మొహమాటం అనేవాళ్లూ ఉన్నారు. నాకైతే 1996 నాటి ఆ రాత్రే గుర్తొస్తుంది. కార్డున్నవాళ్లు వద్దంటే విలీనం ఆగిన దేశంలో, కార్డును మ్యాచ్‌ల లెక్కన తూచరు.

అన్ని క్లబ్బులూ అలాంటివి కావు. వెస్ట్ కోస్ట్, ఫ్రీమాంటిల్ క్లబ్బుల యాజమాన్యం పశ్చిమ ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ కమిషన్ చేతిలో ఉంది. అక్కడి సభ్యుల ఓటుకు హాథార్న్ ఓటంత బరువు లేదు. ఇక గ్రాండ్ ఫైనల్ రోజు సభ్యత్వం గుట్టంతా బయటపడుతుంది. మెల్బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో 1,00,024 మంది పడతారు. ఫైనల్ చేరిన రెండు క్లబ్బుల సభ్యులకూ కలిపి దక్కేది అందులో దాదాపు మూడో వంతు. మిగతావి మైదానం మెంబర్లు, లీగ్ మెంబర్లు, కార్పొరేట్ అతిథుల వాటా. ఒక్క కాలింగ్‌వుడ్‌కే లక్షా పదివేల మందికి పైగా సభ్యులుంటే లాటరీ తప్ప దారేముంది? ఎక్కువ డబ్బు కట్టే తరగతి సభ్యులకు ఫైనల్ టికెట్ ముందే ఖాయం చేసే పథకాలున్నాయి. ఏడాది పొడవునా వానలో తడుస్తూ వచ్చినవాడు టీవీ ముందు కూర్చుంటాడు. ఇక మైదానాన్ని చూసుకునే మెల్బోర్న్ క్రికెట్ క్లబ్ సభ్యత్వానికి వేచివుండే జాబితా దశాబ్దాల పొడవుంది. పిల్లాడు పుట్టగానే పేరు రాయించేస్తారు.

2024 మార్చిలో టాస్మానియా ద్వీపానికి సొంత జట్టు ప్రకటించారు. పేరు డెవిల్స్. 2028లో గానీ మైదానంలోకి దిగదు. పది డాలర్లకు వ్యవస్థాపక సభ్యత్వం అన్నారు. నలభై వేల మంది చేరితే చాలనుకుంటే రెండు లక్షలు దాటారు. ఆ ద్వీపం జనాభా ఆరు లక్షల లోపే. సీటు లేదు, ఆటగాడు లేడు, ఆ రోజుకు స్టేడియమూ లేదు. ఆ పది డాలర్లు స్టేడియం కట్టాలా వద్దా అనే రాజకీయ రగడలో జనబలం చూపించడానికి బాగా పనికొచ్చాయి. చవకగా ఉన్నంత మాత్రాన సభ్యత్వం అమాయకమైనది కాదన్నమాట.

డబ్బు కట్టి వరుసలో నిలబడ్డం

ఇంగ్లండ్‌లో మాట అదే, సరుకు వేరు. ప్రీమియర్ లీగ్ పెద్ద క్లబ్బుల సభ్యత్వం ఏడాదికి 35 పౌండ్ల చుట్టూ ఉంటుంది. దానితో మ్యాచ్ చూడనివ్వరు. టికెట్ల కోసం లాటరీలో పేరు వేసుకునే హక్కు వస్తుంది. టికెట్ డబ్బు వేరే. అంటే వరుసలో నిలబడటానికే రుసుము. ప్రపంచం నలుమూలలా కోట్లమంది అభిమానులున్న క్లబ్బుకు ఇదొక బంగారు గని. హైదరాబాద్‌లో ఉండే లివర్‌పూల్ అభిమాని కూడా కట్టొచ్చు. ఆ క్లబ్ మైదానం ఆన్‌ఫీల్డ్‌లో అడుగు పెట్టినా పెట్టకపోయినా ఏటా రెన్యువల్ మెయిల్ మాత్రం ఠంచనుగా వస్తుంది.

ఓటు లేనప్పుడు మిగిలేది కాళ్లే, లేచి వెళ్లిపోవడానికి. 2016 ఫిబ్రవరి 6న ఆన్‌ఫీల్డ్‌లో అదే జరిగింది. కొత్తగా కడుతున్న మెయిన్ స్టాండులో అత్యధిక టికెట్ ధర 77 పౌండ్లని క్లబ్ ప్రకటించింది. సండర్‌లాండ్‌తో మ్యాచ్. లివర్‌పూల్ 2-0తో ముందుంది. సరిగ్గా 77వ నిమిషంలో పదివేల మంది దాకా లేచి బయటికి నడిచారు. తర్వాత సండర్‌లాండ్ రెండు గోల్స్ కొట్టి మ్యాచ్ డ్రా చేసింది. అదే వారంలో అమెరికన్ యజమానులు క్షమాపణ చెప్పి ఆ ధర ఉపసంహరించుకున్నారు, రెండు సీజన్ల పాటు ధరలు పెంచబోమన్నారు. ఆ ఏడాదే లీగ్ మొత్తానికీ ఇంకో నిర్ణయం వచ్చింది. ఎదుటి జట్టు మైదానానికి వెళ్లే అభిమాని టికెట్ 30 పౌండ్లు దాటకూడదు. ఎన్నో ఊళ్ల అభిమానులు తమ జట్ల వైరం పక్కనపెట్టి ఏళ్లపాటు కలిసి పోరాడితే వచ్చిన పరిమితి అది.

కానీ కాళ్లతో గెలిచింది ఎంతకాలం నిలుస్తుంది? 2024 నవంబర్‌లో మాంచెస్టర్ యునైటెడ్, సీజన్ మధ్యలో ఉండగా, మిగిలిన మ్యాచ్‌లకు సభ్యుల టికెట్ ధర 66 పౌండ్లు చేసింది. పిల్లలకూ వృద్ధులకూ ఉన్న రాయితీ తీసేసింది. రుసుము కట్టి సభ్యులైనవాళ్ల టికెట్టే అది! అప్పటిదాకా పెద్దలకు 40, పిల్లలకు 25 పౌండ్ల నుంచీ దొరికేవి. ముందు అడిగారా అంటే, అడగాల్సిన అవసరం ఆ కార్డు షరతుల్లో ఎక్కడా లేదు.

బ్రిటన్ పార్లమెంటు 2025లో ఫుట్‌బాల్ పాలనా చట్టం తెచ్చి స్వతంత్ర నియంత్రణ సంస్థను పెట్టింది. క్లబ్ చిహ్నం, సొంతగడ్డ జెర్సీ రంగులు యజమాని ఇష్టానికి మార్చడానికి వీల్లేకుండా అభిమానుల సమ్మతిని ముడిపెట్టింది. ఇది ఊరికే రాలేదు. 2012లో కార్డిఫ్ సిటీ యజమాని, శతాబ్దం నుంచి నీలం రంగులో ఆడుతున్న జట్టుకు ఎర్ర జెర్సీ తొడిగాడు. రెండున్నరేళ్ల గొడవ తర్వాత నీలం తిరిగొచ్చింది. మన డెక్కన్ ఛార్జర్స్ కథ ముగిసిందీ సరిగ్గా ఆ ఏడాదే. టికెట్ ధర మీద మాత్రం ఆ చట్టం పరిమితి పెట్టలేదు. అందులో తుది మాట క్లబ్బుదే.

సగం మీద ఒకటి

జర్మనీలో ఓటు నుంచే మొదలుపెట్టి కట్టుకొచ్చారు. 1998లో ఫుట్‌బాల్ క్లబ్బుల్లోకి కంపెనీల పెట్టుబడిని అనుమతిస్తూనే ఒక మెలిక పెట్టారు. ఓట్లలో సగం, ఆ పైన ఇంకొకటి సభ్యుల సంఘం చేతిలోనే ఉండాలి. ఎంత సొమ్ము పోసినా పెట్టుబడిదారు మాట సభ్యుల మాటను దాటకూడదు. లెవర్‌కుసెన్, వోల్ఫ్స్‌బర్గ్ లాంటి కంపెనీ ఊళ్ల క్లబ్బులకు మినహాయింపు ఉంది. బయెర్న్ మ్యూనిక్ సభ్యత్వం ఏడాదికి 60 యూరోలు. సభ్యులు నాలుగు లక్షలు దాటారు.

పదేళ్లు దాటిన మాట. బయెర్న్‌లో నిలబడి చూసే స్టాండుకు చవక సీజన్ టికెట్ 104 పౌండ్లకు సమానంగా ఉండేది. అంత తక్కువకు ఎందుకిస్తున్నారని బ్రిటిష్ విలేకరులు అడిగితే క్లబ్ అధ్యక్షుడు ఉలీ హోనెస్ చెప్పిన లెక్క నాకు చాలా ఇష్టం. మూడు వందలు చేస్తే ఇరవై లక్షల పౌండ్లు అదనంగా వస్తాయి. ఒక ఆటగాణ్ణి కొనేటప్పుడు ఆ మొత్తం గురించి ఐదు నిమిషాలు వాదించుకుంటాం. అభిమానికి మాత్రం నూటికీ మూడొందలకూ తేడా చాలా పెద్దది. అభిమానులు పిండుకునే ఆవులు కారు. ఇదీ ఆయన మాటల సారం. ఆ హోనెసే తర్వాత పన్ను ఎగవేత కేసులో జైలుకెళ్లొచ్చాడు. మనిషి మచ్చ మనిషిదే, లెక్క మాత్రం తప్పు కాదు.

సభ్యత్వం ధరను తలుపుకు గడియలా ఎలా వాడొచ్చో కూడా జర్మనీయే చూపించింది. 2009లో రెడ్ బుల్ కంపెనీ సొమ్ముతో పుట్టిన లైప్‌జిగ్ క్లబ్, ఓటుహక్కు ఉన్న సభ్యత్వానికి ఏడాదికి 800 యూరోలన్నది. కట్టినా చేర్చుకోవాలా వద్దా అన్నది వాళ్లిష్టం. ఓటున్న సభ్యులు ఏళ్లపాటు పట్టుమని పాతిక మంది కూడా లేరు, వాళ్లూ చాలావరకు కంపెనీ మనుషులే. నిబంధనలో అక్షరం ఉంది, ప్రాణం లేదు. మిగతా క్లబ్బుల అభిమానులకు లైప్‌జిగ్ అంటే నేటికీ గిట్టదు.

ఓటుకు ఎంత బలముందో 2024 ఫిబ్రవరిలో తెలిసింది. లీగ్ ప్రసార ఆదాయంలో ఎనిమిది శాతాన్ని ఇరవై ఏళ్లపాటు ఒక పెట్టుబడి సంస్థకు ఇచ్చి దాదాపు వంద కోట్ల యూరోలు తేవాలని 36 క్లబ్బుల్లో 24 క్లబ్బులు అంతకుముందే ఓటేశాయి. సరిగ్గా మూడింట రెండొంతులు, ఒక్కటి తగ్గినా వీగిపోయేది. ఆ ఒక్క ఓటూ హానోవర్ ప్రతినిధి తన క్లబ్ ఆదేశాన్ని కాదని వేశాడేమోనని అనుమానం పుట్టింది. అంతే, ప్రతి శనివారం స్టాండ్ల నుంచి మైదానంలోకి టెన్నిస్ బంతులు. చాక్లెట్ నాణేలు. ఒకచోట పొగ వదులుతూ తిరిగిన రిమోట్ కార్లు. మ్యాచ్‌లు ఆగుతూ సాగుతూ నడిచాయి. ఫిబ్రవరి 21న లీగ్ ఆ ఆలోచనే మానుకుంది.

ఓటుంటే అంతా సవ్యంగా ఉంటుందని నేననను. బార్సిలోనాలో లక్షకు పైగా సభ్యులున్నారు, అధ్యక్షుణ్ణి వాళ్లే ఎన్నుకుంటారు. వాళ్లు ఎన్నుకున్నవాళ్ల హయాంలోనే క్లబ్ వంద కోట్ల యూరోల పైన అప్పు చేసింది. కాకపోతే 2020లో అవిశ్వాసానికి ఇరవై వేల పైచిలుకు సంతకాలు పోగయ్యేసరికి అధ్యక్షుడు బార్తోమ్యూ ఓటింగ్ దాకా రాకుండానే రాజీనామా చేసి వెళ్లిపోయాడు. తప్పు చేయడానికీ, దించడానికీ రెంటికీ సభ్యులే. అమెరికాలో లక్ష జనాభా ఉన్న గ్రీన్ బే ఊరి ప్యాకర్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు 1923 నుంచి జనం వాటాలతోనే నడుస్తోంది. 2021లో వాటా ఒక్కటి 300 డాలర్లకు అమ్మారు. డివిడెండ్ రాదు, అమ్ముకోవడానికి వీల్లేదు, టికెట్లో ప్రాధాన్యం కూడా లేదు. గోడకు పటం కట్టుకునే కాగితమని వెక్కిరిస్తారు. కానీ ఆ కాగితాలు అన్ని లక్షల ఇళ్ల గోడల మీద ఉన్నాయి గనకే అంత చిన్న ఊరి జట్టును ఏ మహానగరమూ ఎత్తుకుపోలేకపోయింది. ఇలాంటి యాజమాన్యాన్ని మిగతా జట్లకు ఆ లీగ్ ఇప్పుడు అనుమతించదు.

ఉప్పల్‌లో ఎఫ్12ఏ

ఇవన్నీ తెల్లదొరల ముచ్చట్లు అనుకోనక్కర్లేదు. కోల్‌కతాలో మోహన్ బగాన్ 1889 నుంచి, ఈస్ట్ బెంగాల్ 1920 నుంచి సభ్యుల క్లబ్బులే. కార్డులున్నాయి, ఎన్నికలున్నాయి. మోహన్ బగాన్ పేరు ముందు ఇంకో క్లబ్ పేరైన ‘ఏటీకే’ చేరినప్పుడు అభిమానులు మూడేళ్లు వదలకుండా పోరాడారు. 2023 మార్చిలో జట్టు సూపర్ లీగ్ గెలిచిన రాత్రే ఆ మూడక్షరాలు తీసేస్తున్నట్టు యజమాని ప్రకటించాడు. హైదరాబాద్ ఎఫ్‌సీ పేరు పోయినప్పుడు మన దగ్గర అలా అడిగేందుకు సభ్యత్వం అనే పునాదే లేదు.

ఐపీఎల్ డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. 2023 నుంచి 2027 దాకా ప్రసార హక్కులు రూ.48,390 కోట్లు. 410 మ్యాచ్‌ల లెక్కన మ్యాచ్‌కు రూ.118 కోట్లు. ఉప్పల్‌లో 39 వేల సీట్లు. సగటున సీటుకు రెండు వేలు వేసుకున్నా మ్యాచ్‌కు ఎనిమిది కోట్లు దాటదు. మరి స్టాండులో మనిషి ఎందుకు? 2020లో దుబాయ్, అబుదాబి, షార్జాల్లో ఖాళీ స్టాండ్ల ముందు ఆడినప్పుడు టీవీలో రికార్డు చేసిన కేకలు వినిపించారు. జనం లేకపోతే ఆ రూ.118 కోట్ల సరుకు వెలవెలబోతుందని ప్రసారకర్తకు బాగా తెలుసు. అంటే ఆటలో సందడి చేసేది మనమే, సందడి చేసినందుకు టికెట్ కొనేదీ మనమే.

హోనెస్ లెక్క ఉప్పల్‌లో వేస్తే? అట్టడుగు పదివేల సీట్లకు ఒక్కోదానికి మూడొందలు తగ్గించారనుకుందాం. ఏడు మ్యాచ్‌లకు రెండు కోట్ల పది లక్షలు. ఆటగాళ్ల వేలంలో పాతిక లక్షల చొప్పున పెంచుకుంటూ ఎనిమిది తొమ్మిది సార్లు పలక ఎత్తితే అయిపోయే మొత్తం. హెన్రిక్ క్లాసెన్‌ను రూ.23 కోట్లకు అట్టేపెట్టుకున్న జట్టుకు అది పెద్ద భారమేమీ కాదు.

తగ్గించడం మాట దేవుడెరుగు, ప్రభుత్వం కూడా ఓ చెయ్యి వేసింది. ఐపీఎల్ టికెట్ మీద జీఎస్టీ 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతమైంది. వెయ్యి రూపాయల టికెట్ అప్పుడు రూ.1,280, ఇప్పుడు రూ.1,400. క్యాసినోలు, రేస్ క్లబ్బులు ఉన్న గంపలోనే దీన్నీ వేశారు. అదే ఉప్పల్‌లో భారత జట్టు ఆడే అంతర్జాతీయ మ్యాచ్‌కు 18 శాతమే, అదీ టికెట్ రూ.500 దాటితేనే. బంతి అదే, పిచ్ అదే, పన్ను వేరు.

ఇక సీటు సంగతి. 2022 సెప్టెంబర్ 22న భారత్-ఆస్ట్రేలియా మ్యాచ్ టికెట్ల కోసం సికింద్రాబాద్ జింఖానా మైదానం దగ్గర తెల్లవారకముందే వేలమంది పోగయ్యారు. తొక్కిసలాట, లాఠీలు, ఆసుపత్రులు. ఎవరికి ఏ వరుస, ఎన్ని టికెట్లు మిగిలాయి అన్నది అక్కడున్న ఎవరికీ తెలియదు. మెల్బోర్న్‌లో కార్డున్నవాడు క్లబ్ జాబితాలో పేరున్న మనిషి. మన దగ్గర అతను గుంపులో ఒక తల.

పేరున్నవాళ్లు మన దగ్గరా ఉన్నారు, పాసులున్నవాళ్లు. 2025 మార్చిలో సన్‌రైజర్స్ యాజమాన్యం హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్‌కు రాసిన లేఖ బయటికొచ్చింది. ఏళ్ల నాటి ఒప్పందం ప్రకారం స్టేడియంలో పది శాతం, అంటే 3,900 టికెట్లు ఉచితంగా ఇస్తున్నామని, అయినా మరిన్ని కావాలని వేధిస్తున్నారని, ఎఫ్12ఏ బాక్సు సీట్ల మీద గొడవపడి లక్నోతో మ్యాచ్ రోజు ఒక కార్పొరేట్ బాక్సుకు తాళం వేశారని ఆరోపణ. ఇలాగైతే వేరే ఊరు వెళ్లిపోతామని కూడా అన్నారు. అసోసియేషన్ ఖండించింది. ముఖ్యమంత్రి విజిలెన్స్ విచారణకు ఆదేశించారు. జులైలో సీఐడీ అసోసియేషన్ అధ్యక్షుణ్ణి, మరికొందరిని అరెస్టు చేసింది. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. నాకు ఆసక్తి కలిగించింది వేరే. లేఖ ప్రకారం ఎఫ్12ఏ బాక్సులో యాభై పాసులు. పెట్టెలో యాభై, ఒప్పందంలో 3,900. అన్నిటికీ కాగితం ఉంది, గొడవపడే హక్కుంది, లేఖ రాసే లెటర్‌హెడ్డుంది. పోతామని బెదిరింపు వచ్చినప్పుడు వద్దనడానికి మిగతా 35 వేల మంది దగ్గర మాత్రం ఏమీ లేదు, చింపేసిన టికెట్ ముక్క తప్ప.

విశాఖ అభిమాని పరిస్థితి ఇంకా విచిత్రం. 2025 మార్చి 30న అక్కడ ఢిల్లీ, హైదరాబాద్ తలపడ్డాయి. సొంత జట్టు ఢిల్లీ! తెలుగు గడ్డ మీద హైదరాబాద్ అతిథి. నారింజ రంగు చొక్కా వేసుకుని వచ్చినవాళ్లు ఢిల్లీ జట్టు అమ్మిన టికెట్ కొనుక్కుని కూర్చున్నారు. ఢిల్లీ బౌలర్ స్టార్క్ ఐదు వికెట్లు తీశాడు, ఆ జట్టు ఏడు వికెట్లతో గెలిచింది.

యజమానుల వాదన వినకుండా వదిలేయడం ధర్మం కాదు. కోట్లు పెట్టారు, నష్టం వస్తే వాళ్లదే, స్టేడియం ఎలాగూ నిండుతోంది, ఇంకెందుకు తగ్గించాలి అంటారు. వ్యాపారంగా సబబైన మాటే. కానీ జెర్సీ మీద ఊరి పేరు వేసుకున్నప్పుడు అది మిగతా వ్యాపారాల్లాంటిది కాకుండా పోతుంది. ‘హైదరాబాద్’ అనే మాట వాడుకున్నందుకు ఊరికి ఎవరూ రుసుము కట్టలేదు.

ఐపీఎల్‌లో హాథార్న్ తరహా ఓటు రేపటికి రేపు వస్తుందని ఎవరూ అనుకోవడం లేదు. ఫ్రాంచైజీ ఒప్పందాలు ఆ పునాది మీద కట్టినవి కావు. వరుస మాత్రం రేపే సరిచేయొచ్చు. వెయ్యి రూపాయలకు ఏడాది సభ్యత్వం, ఆధార్ పేరు మీద ఒకటే, సొంతగడ్డ ఏడు మ్యాచ్‌లలో కనీసం ఒకదానికి అసలు ధరకే సీటు ఖాయం, రాలేకపోతే క్లబ్బుకే తిరిగి అమ్ముకునే వీలు. ఉచితంగా పంచే 3,900లో సగం జంట నగరాల లీగ్ జట్లలో ఆడే పిల్లలకు. ఊరి పేరు గానీ ఊరు గానీ మార్చాలంటే సభ్యులకు ముందుగా నోటీసు. ఇందులో ఏదీ ఎవరి ఆస్తినీ లాక్కోదు. వీటికన్నా ముందు, వచ్చే సీజన్ టికెట్ల ప్రకటనలో ధరల పట్టిక కింద ఇంకో అంకె వేయాలి. ఈ మ్యాచ్‌కు మొత్తం సీట్లెన్ని, వాటిలో జనానికి అమ్మకానికి పెట్టినవెన్ని అని.